ఐ5 అని రాస్తే చాలదు: కంప్యూటర్ కొనుగోలుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కొత్త కంప్యూటర్ కొనడం గురించో, ఉన్నదాన్ని బాగుచేసుకోవడం గురించో ఉన్నాయి. దుకాణంలో రాసిచ్చిన కొటేషన్ కాగితాన్ని కూడా చాలామంది జతచేశారు. దాదాపు అన్ని కాగితాలలోనూ ఒకే లోపం కనిపించింది. భాగం పేరు ఉంది గాని దాని మోడల్ నెంబరు లేదు. మోడల్ నెంబరు లేని కొటేషన్‌ను చూసి ధర ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. దాన్ని రాయించుకోవలసిన బాధ్యత కొనేవారిదే కాబట్టి ఆ ఉత్తరాలతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్లివస్తుంది. యాభై వేల లోపు మంచి సిస్టమ్ కొనాలనుకుంటున్నాము. తిలక్ రోడ్డులో ఒక దుకాణం వారు "ఐ5, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 22 అంగుళాల మానిటర్, మొత్తం 24,000" అని రాసిచ్చారు. మరొకచోట "ఐ3 12వ తరం, 16 జీబీ, 512 ఎన్‌వీఎంఈ, మానిటర్‌తో 46,000" అన్నారు. ఐ5 తక్కువకు దొరుకుతుంటే ఐ3కి రెట్టింపు ఎందుకు పెట్టాలి?
ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, ఐ5 అన్నది ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లకు, అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పులకు, 2009 నుంచి వాడుతూ వస్తున్న ఒక శ్రేణి పేరు. ఆ పేరుతో ఇప్పటికి ఎన్నో తరాల ప్రాసెసర్లు వచ్చాయి. 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5, 2022లో వచ్చిన ఐ5-12400 కూడా ఐ5. మొదటిదానిలో నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉంటే రెండవదానిలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి. మీకు రెండవ దుకాణంలో చెప్పిన 12వ తరం ఐ3 బహుశా ఐ3-12100 అయి ఉంటుంది. దానిలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉంటాయి. పదేళ్లలో ఒక్కొక్క కోరు చేయగల పని బాగా పెరిగింది కాబట్టి ఈ ఐ3 ముందు ఆ పాత ఐ5 ఏ విధంగానూ నిలవదు.

మానిటర్‌తో కలిపి 24 వేలకు కొత్త ఐ5 రాదు. ఆ ధరకు ఇచ్చేది, చాలావరకు, కార్యాలయాల నుంచి తీసేసిన రెండవ లేదా మూడవ తరం ప్రాసెసర్‌ను హెచ్61 చిప్‌సెట్ ఉన్న ఊరూపేరూ లేని కొత్త మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన పలక) మీద బిగించి, కొత్త క్యాబినెట్‌లో పెట్టి ఇచ్చేదే. పాతదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు, బిల్లింగుకూ టైపింగుకూ అది పనికివస్తుంది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువుకు మాత్రం పనికిరాదు. ఆ బోర్డుకు డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ మాత్రమే పడుతుంది, రేపు ర్యామ్ పెంచాలన్నా పాత సామానే వెతుక్కోవాలి. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం గాని ఆ తర్వాతిది గాని ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన.

కాబట్టి రెండవ దుకాణానికే వెళ్లండి. అయితే ఆ కాగితం కూడా ఇంకా పూర్తి కాలేదు. ప్రాసెసర్ పూర్తి పేరు చివరి అక్షరంతో సహా రాయించండి. ఐ3-12100 వేరు, ఐ3-12100ఎఫ్ వేరు. ఎఫ్ అని ఉన్నదానిలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే తప్ప తెర మీద బొమ్మ రాదు. ధర కొంచెం తక్కువని ఎఫ్ తీసుకుని, ఇంటికి వచ్చాక మానిటర్ వెలగడం లేదని తిరిగి పరుగెత్తినవారు ఉన్నారు. తర్వాత మదర్‌బోర్డు సంగతి. ఈ ఐ3కి పట్టే హెచ్610 బోర్డులలో డీడీఆర్4 పట్టేవీ, డీడీఆర్5 పట్టేవీ రెండూ ఉన్నాయి. ర్యామ్ కడ్డీకి కింద ఉండే గాడి రెండింటికీ వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకటి మరొకదానిలో దిగదు. బోర్డు ఏ రకమో తేలాకే ర్యామ్ మాట మాట్లాడాలి.

ర్యామ్ 16 జీబీకి తగ్గవద్దు. మీ అమ్మాయి రెండవ ఏడాదికి వచ్చేసరికి ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు ఒకేసారి తెరిచి ఉంచే రోజులు వస్తాయి. అప్పుడు 8 జీబీ చాలదు. హెచ్610 బోర్డులలో సాధారణంగా ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి. రెండు 8 జీబీ కడ్డీలు వేస్తే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కొంత చురుకుగా పనిచేస్తుంది, ఒకే 16 జీబీ కడ్డీ వేస్తే రెండవ స్లాట్ రేపటికి ఖాళీగా ఉంటుంది. ఆటలు ముఖ్యం కాదు, చదువు ముఖ్యం కనుక నేనైతే ఒకే కడ్డీ వేయిస్తాను. ఒక మాట ముందే చెప్పాలి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. గత ఏడాది ఎవరో ఇంత తక్కువకు కొన్నారని చెబితే దాన్ని పట్టుకుని దుకాణంలో వాదించి లాభం లేదు.

అందరూ వదిలేసే భాగం ఒకటుంది, పవర్ సప్లై. దుకాణాలలో ఎస్‌ఎంపీఎస్ అనేది దీన్నే. కొటేషన్‌లో "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒకే ముక్కలో రాస్తారు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్ వద్దని చెప్పి, 80 ప్లస్ ముద్ర (విద్యుత్తు వృథా తక్కువని తెలిపే గుర్తు) ఉన్న 450 వాట్ల పవర్ సప్లైని సొంత పేరు, సొంత వారంటీతో వేరే వరుసలో రాయించండి. రంగురంగుల లైట్ల ఫ్యాన్లు తీసేయమనండి, ఆ డబ్బు ఇక్కడికి మళ్లుతుంది.

సిస్టమ్ బిగించాక డబ్బు కట్టేముందు దుకాణంలోనే ఒక పావుగంట కూర్చోండి. కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోట సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన ప్రాసెసర్ పూర్తి పేరు కనిపిస్తుంది. మెమరీ మీద నొక్కితే ఎంత ర్యామ్ ఉందో, ఎంత వేగంతో నడుస్తోందో, రెండు స్లాట్లలో ఎన్ని నిండాయో తెలుస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూస్తే ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే చిప్పుల డిస్కు, ఎన్‌వీఎంఈ అందులోనే వేగమైన రకం) ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో చూపుతుంది. కొత్తదైతే ఆ అంకె చాలా చిన్నదిగా ఉండాలి, వేలల్లో ఉంటే అది ఎక్కడో పనిచేసి వచ్చినదే. 512 జీబీ అన్నది 476 దగ్గర చూపితే కంగారుపడకండి, తయారీదారులు వేయి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. మీ అమ్మాయినే కూర్చోబెట్టి ఇవన్నీ చూడమనండి. ఆమె చదువులో ఇది కూడా భాగమే.

విండోస్ సంగతి కూడా అడగండి. లైసెన్సు లేని విండోస్‌ను ఉచితంగా వేసిస్తామంటే ఒప్పుకోవద్దు, వాటిని నడిపించడానికి వాడే ప్రోగ్రామ్‌లలోనే వైరస్‌లు దాగి వస్తాయి. బడ్జెట్ చాలకపోతే విండోస్‌కు బదులు ఉబుంటు అనే లినక్స్ రకం వేయించండి. అది ఉచితం, కంప్యూటర్ సైన్స్ చదివేవారికి ఎలాగూ లినక్స్ రావాలి. ఇక ల్యాప్‌టాప్ కొనాలా అని మీరు అడగలేదు గాని, హాస్టల్‌లో ఉండే పిల్లలకైతే ల్యాప్‌టాపే కొనమని చెప్పేవాణ్ని. ఇంటి నుంచి వెళ్లివచ్చే అమ్మాయికి అదే డబ్బుతో డెస్క్‌టాప్‌లో పెద్ద తెర, మంచి కీబోర్డు, ముక్కముక్కగా పెంచుకునే వీలు దొరుకుతాయి.

ప్రశ్న: చిత్తూరులో ఫొటో స్టూడియో నడుపుతున్నాను సార్. పెళ్లి వీడియోలు 4కెలో ఎడిట్ చేస్తాను. ఐ5-12400ఎఫ్, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియో ఫైలుగా మార్చడం) పెట్టిన కాసేపటికి సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. కార్డు పోయిందని ఒకరు, విండోస్ మళ్లీ వేయాలని మరొకరు అంటున్నారు. ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో వచ్చిందే. దాని మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది, పక్కనున్న చిన్న పట్టికలో +12 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు అని ఉంది.
స్టూడియో యజమాని, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఆ చిన్న పట్టిక చదివి రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి, ఎందుకంటే మీ జవాబు అందులోనే ఉంది. నేటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమకు కావలసిన విద్యుత్తును దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. 12ను 17తో గుణిస్తే 204 వాట్లు. మీ పవర్ సప్లై నిజంగా ఇవ్వగలిగేది అంతే, పైన రాసిన 500 అన్న అంకెకు ఇక్కడ విలువ లేదు. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్ల దాకా తీసుకుంటుంది. ఐ5-12400ఎఫ్ పూర్తి వేగంతో నడిచేటప్పుడు 117 వాట్ల దాకా వెళ్లవచ్చు. రెండూ కలిపితే 287, దీనికి బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు అదనం. మామూలు పనిలో ఈ రెండూ ఒకేసారి పూర్తి బలంతో నడవవు కాబట్టి రోజంతా ఏమీ తెలియదు. రెండరింగ్‌లో రెండూ కలిసి లేస్తాయి, వోల్టేజి పడిపోతుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ఈ కార్డుకు కనీసం 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని దాన్ని రూపొందించిన ఎన్‌విడియా సంస్థే సూచించింది.

కొత్తది కొనేముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చేయవచ్చు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ అన్న దాన్ని 70 శాతానికి తగ్గించి అదే వీడియోను రెండర్ చేయండి. రీస్టార్ట్ ఆగిపోతే తప్పు దాదాపుగా పవర్ సప్లైదే. ఆగకపోతే ప్రాసెసర్ వేడి చూడాలి. చిత్తూరు ఎండాకాలంలో మూసి ఉన్న గదిలో, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌ను ఏళ్లుగా తుడవక దాని మీద దుమ్ము గడ్డకట్టి ఉంటే అది కూడా ఇలాంటి ఇబ్బందే తెస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ జరిగినవన్నీ నమోదు చేసుకునే చోట) కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే దాన్ని చూసి విండోస్ చెడిందని ఎవరైనా అంటే నమ్మవద్దు. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం, కారణం అందులో ఉండదు.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 లేదా 650 వాట్ల పవర్ సప్లై తీసుకోండి. 12 వోల్టుల దగ్గర కనీసం 40 ఆంపియర్లు ఉన్నాయో లేదో పెట్టె మీది పట్టికలోనే చూసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు పవర్ సప్లై నుంచే నేరుగా రావాలి. పాత హార్డ్ డిస్క్ ప్లగ్గుకు కన్వర్టర్ తగిలించి కార్డుకు ఇచ్చే పద్ధతి ప్రమాదం, ఆ ప్లగ్గులు వేడెక్కి కరిగిపోతాయి.

పవర్ సప్లై మారిస్తే రీస్టార్ట్ ఆగుతుంది, కానీ మీ అసలు పని ఇంకా వేగంగా సాగే మార్గం వేరే ఉంది. ఇప్పటి కెమెరాలు చాలావరకు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో, రంగుల వివరం ఎక్కువగా ఉండే 10 బిట్, 4:2:2 రకంగా రికార్డు చేస్తున్నాయి. ఈ రకం ఫైళ్లను హార్డ్‌వేర్‌లోనే విప్పి చూపే శక్తి 30 (మీ 3060 ఇందులోదే), 40 శ్రేణుల ఎన్‌విడియా కార్డులకు లేదు, 50 శ్రేణితోనే వచ్చింది. అదే పనిని 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌లోని మామూలు గ్రాఫిక్స్ భాగం చేసిపెడుతుంది. మీ ప్రాసెసర్ చివర ఎఫ్ ఉంది కాబట్టి ఆ సౌకర్యం మీకు లేకుండా పోయింది. టైమ్‌లైన్ మీద వీడియో ఆగి ఆగి కదులుతోందంటే కారణం ఇదే కావచ్చు. ప్రస్తుతానికి ప్రాక్సీ ఫైళ్లు (అదే వీడియోకు తేలికైన నకళ్లు) చేసుకుని వాటి మీద ఎడిట్ చేయండి, ఎప్పుడైనా ప్రాసెసర్ మారిస్తే ఎఫ్ లేనిది తీసుకోండి. ర్యామ్ 32 జీబీకి పెంచడం మీ పనికి అవసరమే. పెళ్లి ఫుటేజీని మాత్రం ఒకే డిస్కు మీద ఎప్పుడూ ఉంచవద్దు. ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీ మీద జరగాలి, అదే ఫుటేజీ ఒక హార్డ్ డిస్క్ మీద స్టూడియోలోనూ, మరొక హార్డ్ డిస్క్ మీద ఇంట్లోనూ ఉండాలి. ఆల్బమ్ ఇచ్చి, డబ్బు చేతికి వచ్చి, వారు చూసుకుని సరేనన్న తర్వాతే చెరపండి.

ప్రశ్న: విశ్రాంత తెలుగు అధ్యాపకుణ్ని. రోజుకు నాలుగైదు గంటలు వ్యాసాలు టైపు చేస్తాను. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొంటే కళ్లకు సుఖంగా ఉంటుందా?
ఒక పాఠకులు, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: అయ్యా, తెర పెద్దదైనా చుక్కల సంఖ్య పెరగదు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అవే చుక్కలను 24 అంగుళాల తెర మీద పరిస్తే అంగుళానికి 92 దాకా వస్తాయి, 27 అంగుళాల మీద పరిస్తే 82కు తగ్గుతాయి. ఇంగ్లిషు అక్షరాలకు ఈ తేడా అంతగా తెలియదు. తెలుగులో గుడి, సుడి, వట్రుసుడి, కింద వత్తు, వత్తు కింద మరో వత్తు అన్నీ ఒకే అక్షరంలో ఇమడాలి కాబట్టి "రాష్ట్ర" వంటి మాటలలో గీతలు కలిసిపోతాయి. 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర) ఫుల్ హెచ్‌డీ తీసుకోండి, లేదా 27 అంగుళాలే కావాలంటే 2560 అడ్డం 1440 చుక్కలు ఉన్నది తీసుకోండి. ఎత్తు తగ్గించి పెంచుకునే స్టాండ్ ఉన్నదైతే మెడకు మేలు.

ప్రశ్న: శుభలేఖలు, కరపత్రాలు డీటీపీ చేస్తాను. నాలుగవ తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నా పని అంతా. సిస్టమ్ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. విండోస్ 10 ఆగిపోయిందని, కొత్తది కొనక తప్పదని అంటున్నారు.
డీటీపీ కేంద్రం, శ్రీకాళహస్తి

జవాబు: నిదానానికి మందు వేరు, విండోస్ గడువుకు మందు వేరు. రెండింటినీ కలిపి చూస్తే అనవసరమైన ఖర్చు అవుతుంది.

నిదానానికి కారణం మీ ప్రాసెసర్ కన్నా ఆ హార్డ్ డిస్క్ ఎక్కువ. హార్డ్ డిస్కులో పళ్లెం తిరగాలి, దాని మీద ముల్లు సరైన చోటికి జరగాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లానికి ఒక్క చుట్టుకే ఎనిమిది మిల్లీసెకండ్లకు పైగా పడుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను అక్కడొకటి ఇక్కడొకటి చదవాలి కనుక ఆ ఆలస్యాలన్నీ కూడుకుని నిమిషాలవుతాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమేదీ లేదు. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (ఇప్పటి హార్డ్ డిస్క్ వైర్లకే తగిలే రకం) ఒకటి తీసుకుని, ఉన్న డిస్కును యథాతథంగా దాని మీదకు క్లోన్ చేయించండి. మీ ఫాంట్లు, పేజ్‌మేకర్, సెట్టింగులు అన్నీ అలాగే ఉంటాయి. బోర్డులోనే నేరుగా దిగే ఎం.2 రకం మీ బోర్డుకు పట్టకపోవచ్చు కనుక రెండున్నర అంగుళాల సాటా రకమే అడగండి. 4 జీబీ డీడీఆర్3 కడ్డీ మరొకటి వేస్తే మీ పనికి చాలు. పాత హార్డ్ డిస్కును బ్యాకప్‌కు వాడుకోవచ్చు.

ఇక గడువు సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటి వినియోగదారులకు భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే పథకం ఒకటి ఇచ్చారు, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో అది కనిపిస్తుంది. మీ నాలుగవ తరానికి విండోస్ 11 నిబంధనల ప్రకారం రాదు. అడ్డదారిలో వేసిస్తామనేవారు ఉంటారు, రేపు ఏదైనా అప్‌డేట్‌తో అది ఆగిపోతే పెళ్లిళ్ల సీజన్‌లో మీరు ఇబ్బంది పడతారు.

నా సలహా ఇది. ఈ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి డీటీపీకి మాత్రమే ఉంచుకోండి. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చిందే 2001లో, దానికి కొత్త కంప్యూటర్ వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా కొత్త విండోస్‌లో అది మొరాయించవచ్చు. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, ఆన్‌లైన్ చెల్లింపులు వేరే యంత్రం మీద గాని ఫోన్ మీద గాని జరగాలి. పెన్‌డ్రైవ్‌తో తెచ్చే ఫైళ్లకు యాంటీవైరస్ తనిఖీ తప్పనిసరి. మీ భవిష్యత్తు గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. అను ఫాంట్లలో చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. పాత్రికేయులు, ప్రచురణకర్తలు క్రమంగా యూనికోడ్ (ఏ యంత్రంలో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) అడుగుతున్నారు. ఖాళీ దొరికినప్పుడు ఇన్‌డిజైన్ వంటి కొత్త సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంట్లతో పని నేర్చుకోవడం మొదలుపెట్టండి. ఆ రోజుకు కొత్త కంప్యూటర్ కొంటే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

ప్రశ్న: మామిడి మండీలో లెక్కలకు కంప్యూటర్ పెట్టుకున్నాము. సీజన్‌లో ఉరుములు మెరుపులు ఎక్కువ, కరెంటు కూడా వస్తూ పోతూ ఉంటుంది. 600 వీఏ యూపీఎస్ ఉన్నా ప్రింట్ ఇచ్చినప్పుడల్లా కుయ్యిమని ఆగిపోతోంది. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది.
మండీ వ్యాపారి, బంగారుపాళెం

జవాబు: మూడు విషయాలు అడిగారు. వాటిలో చివరిదే అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి దానితో మొదలుపెడతాను. క్యాబినెట్ జిల్లుమంటోందంటే మీ ప్లగ్‌పాయింట్‌కు ఎర్తింగ్ లేదు, లేదా ఉన్నా పనిచేయడం లేదు. పవర్ సప్లై లోపల విద్యుత్ అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఇనుప పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి నుంచి వచ్చే స్వల్ప కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద సుమారు సగం వోల్టేజి నిలిచి ఉంటుంది. మామూలుగా అది ప్రాణం తీసేంత కరెంటు కాదు గాని, మరేదైనా లోపం తోడైతే మీకూ యంత్రానికీ రక్షణ అంటూ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూడమనండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వోల్టేజి ఉందో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. ఎర్త్ గుంత ఉన్నా ఎండాకాలంలో ఎండిపోతే పనిచేయదు. వేసవిలో దానికి నీళ్లు పోయడం మానవద్దు. రెండు పిన్నుల కన్వర్టర్ వాడుతుంటే ఈరోజే తీసి పారేయండి.

ప్రింటర్ సంగతి. మీది లేజర్ ప్రింటర్ అయితే కాగితం మీద పొడిని కరిగించడానికి లోపల ఒక హీటర్ ఉంటుంది, అది వేడెక్కేటప్పుడు కొన్ని వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. మీ 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లకు మించి ఇవ్వలేదు. ప్రింటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టండి, యూపీఎస్‌కు కంప్యూటర్, మానిటర్, ఇంటర్నెట్ రూటర్ మాత్రమే ఉండాలి. అందులోని 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పది పదిహేను నిమిషాలు నిలిపితే అదే ఎక్కువ, ఫైలు సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేయడానికే అది. రెండు మూడేళ్లకు ఒకసారి బ్యాటరీ మార్చాలి.

పిడుగుకు యూపీఎస్ అడ్డు కాదు. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీయడమే దారి. రూటర్ అడాప్టర్, కేబుల్ కూడా తీయండి. ఫైబర్ తీగలో కరెంటు పారదు గాని, రూటర్ అడాప్టర్ ద్వారా వచ్చి నెట్‌వర్క్ కేబుల్ మీదుగా మదర్‌బోర్డును కాల్చిన సందర్భాలు ఉన్నాయి. లెక్కల ఫైలును ప్రతి సాయంత్రం పెన్‌డ్రైవ్ మీద తీసుకుని ఇంటికి తీసుకెళ్లండి, సీజన్ లెక్కలు పోతే బోర్డు ఖరీదు కన్నా నష్టం పెద్దది.

ప్రశ్న: ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు చెడిపోతున్నాయట. ఏఎండీ తీసుకోవడం మంచిదా?
పాఠకుడు, పలమనేరు

జవాబు: ఆ మాటలో నిజం ఉంది, కానీ అందరికీ వర్తించదు. ఐ7, ఐ9లు, ఐ5లో కె అక్షరం ఉన్నవి కొన్ని అవసరానికి మించిన వోల్టేజి తీసుకుని క్రమంగా దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ దీనికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చింది, ఆ మోడళ్లకు వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటిది కొంటే మదర్‌బోర్డు బయోస్‌ను (బోర్డును మొదట నడిపించే ప్రోగ్రామ్‌ను) ముందు అప్‌డేట్ చేయించండి. 12వ తరానికి ఈ జబ్బు లేదు.

ఇంటెల్‌కు పోటీ సంస్థ అయిన ఏఎండీ ప్రాసెసర్లు నిస్సందేహంగా తీసుకోవచ్చు. తక్కువ బడ్జెట్‌కు ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద రైజెన్ 5 5600జీ ఇంకా మంచిదే. దానిలో గ్రాఫిక్స్ ఉంది, జీ లేని 5600లో లేదు. నాలుగైదేళ్ల తర్వాత ప్రాసెసర్ మాత్రమే మార్చుకునే ఉద్దేశం ఉంటే ఏఎం5 సాకెట్ తీసుకోండి, 2027 దాటి కూడా దానికి కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎండీ ప్రకటించింది. అయితే ఏఎం5కు డీడీఆర్5 తప్ప మరొకటి పట్టదు.

ప్రశ్న: చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి భాగాలు విడిగా కొని తెచ్చుకుంటే ఎంతో మిగులుతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
డిగ్రీ విద్యార్థి, రేణిగుంట

జవాబు: కొంత మిగిలే మాట నిజమే, రకాలు కూడా అక్కడ ఎక్కువ. కానీ రానుపోను చార్జీలు, ఒక రోజు పని, ఏదైనా భాగం చెడితే మళ్లీ వెళ్లవలసిన శ్రమ లెక్కలో వేసుకోండి. తేడా రెండు మూడు వేల లోపే ఉంటే తిరుపతిలోనే కొనమంటాను. ఇక్కడి దుకాణదారుడు రేపు మీ ముఖం చూసి పని చేసిపెడతాడు. గ్రాఫిక్స్ కార్డు వంటి ఖరీదైన భాగం ఉంటే ప్రయాణం గిట్టుబాటు అవుతుంది.

వెళ్లేముందు కావలసిన మోడళ్లన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్లండి, అక్కడ "దానికన్నా ఇది మంచిది" అంటూ చేతిలో పెట్టేది ఏదైనా ఆ జాబితాలో లేకపోతే ఇంటికి వచ్చి చదివిన తర్వాతే నిర్ణయించుకోండి. జీఎస్టీ లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లు లేకపోతే వారంటీ అడిగే ఆధారం ఉండదు. ప్రాసెసర్ పెట్టెతో కొనండి. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్లకు వారంటీ అమ్మినవారే ఇవ్వాలి, ఇంటెల్ నేరుగా ఇవ్వదు. ప్రతి భాగం సీరియల్ నెంబరు బిల్లు మీద రాయించి, పెట్టె మీది నెంబరుతో పోల్చి చూడండి.

మదర్‌బోర్డు కొనేటప్పుడు, దుకాణంలోనే, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి లోపలి పిన్నులను ఫోన్ టార్చి వెలుగులో పక్కనుంచి చూడండి. అన్నీ ఒకే వరుసలో మెరవాలి. ఒక్కటి వంగి ఉన్నా వెలుగు అక్కడ తేడాగా కనిపిస్తుంది. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు కాబట్టి ఒక ఫొటో తీసుకుని, మూత మళ్లీ పెట్టించుకుని, పెట్టె మూసిన తర్వాతే డబ్బు ఇవ్వండి.